కౌన్సిల్ తెచ్చిన ఉద్యోగాలు ఎవరి లెక్కలో పడతాయి?

ఇంగ్లాండ్‌లో 317 కౌన్సిళ్లు, అంటే స్థానిక ప్రభుత్వాలు ఉన్నాయి. వాటిలో దేని ఆర్థిక ప్రణాళిక తెరిచినా మూడు మాటలు తప్పకుండా కనిపిస్తాయి: ఉద్యోగాలు, నైపుణ్యాలు, వృద్ధి. ఏ పార్టీ నాయకుడైనా ఈ మూడింటి మీద హామీ ఇవ్వకుండా స్థానిక ఎన్నికలకు వెళ్లడు. అయితే చట్టం దృష్టిలో ఆర్థికాభివృద్ధి చాలావరకు కౌన్సిల్ ఇష్టం. చెత్త తీయకపోతే, వృద్ధుల సంరక్షణ చూడకపోతే చట్టం నిలదీస్తుంది. ఉద్యోగాలు రాకపోతే నిలదీసేది ఓటరు మాత్రమే.

హామీకి, అధికారానికి మధ్య ఉన్న ఈ ఖాళీలోనే గందరగోళమంతా పుడుతోంది. ఒక కౌన్సిల్ "వెయ్యి ఉద్యోగాలు వస్తాయి" అని ప్రకటిస్తుంది. రెండేళ్లకు అదే ఊళ్లో నిరుద్యోగం అలాగే ఉంటుంది. రెండూ నిజమే కావచ్చు. అదెలాగో తెలియాలంటే కౌన్సిల్ చేతిలో నిజంగా ఏముందో, అది పెట్టే ఖర్చు ఫలితం ఎవరి ఖాతాలోకి వెళ్తుందో చూడాలి.

క్లుప్తంగా

- పన్నులు, నిరుద్యోగ భృతి వంటి పెద్ద మీటలన్నీ లండన్‌లోని కేంద్ర ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. కౌన్సిల్ దగ్గర ఉన్నవి స్థలం, నిర్మాణ అనుమతి, సొంత కొనుగోళ్లు, స్థానిక సంస్థలను ఒకచోట కూర్చోబెట్టగల పరపతి.
- ఈ సాధనాలతో ఉద్యోగాల మొత్తం సంఖ్యను పెంచడం కష్టం. వచ్చే ఉద్యోగాలు ఎవరికి దక్కాలి, ఖర్చయ్యే డబ్బు ఎక్కడ తిరగాలి అన్నది మాత్రం చాలావరకు మార్చవచ్చు.
- ఒక మనిషిని పనిలో పెట్టడానికి ఖర్చు కౌన్సిల్‌ది, మిగులు ఎక్కువగా కేంద్ర ఆర్థిక శాఖ అయిన ట్రెజరీది. కౌన్సిళ్లు గోదాములవైపు, రియల్ ఎస్టేట్‌వైపు మొగ్గడానికి ఇదొక ముఖ్య కారణం.

చేతిలో ఉన్నదెంత?

కౌన్సిల్ అనగానే రోడ్లు, డ్రైనేజీ చూసుకునే మున్సిపాలిటీ గుర్తొస్తే ఆ పోలిక సగమే సరిపోతుంది. ఇంగ్లాండ్‌లో పెద్ద కౌన్సిళ్ల బడ్జెట్‌లో సగానికి పైగా వృద్ధులు, వికలాంగులు, రక్షణ అవసరమైన పిల్లల సంరక్షణకే పోతుంది. ఈ ఖర్చును తగ్గించుకునే వీలు లేదు, ఏటా పెరుగుతూనే ఉంటుంది. కేంద్రం ఇచ్చే నిధులు మాత్రం 2010-11 తర్వాతి పదేళ్లలో, ద్రవ్యోల్బణాన్ని లెక్కలోకి తీసుకుంటే, సగానికి పైగా తగ్గాయి. కోత పడేది ఎప్పుడూ తప్పనిసరి కాని పద్దుల మీదే కాబట్టి ఆర్థికాభివృద్ధి విభాగాలు చాలాచోట్ల ఇద్దరు ముగ్గురు అధికారులకు కుదించుకుపోయాయి.

ఆదాయం పెంచుకుందామన్నా దారి ఇరుకే. ఆదాయపు పన్ను వేసే అధికారం కౌన్సిల్‌కు లేదు. సంరక్షణ బాధ్యతలున్న కౌన్సిల్ ఇళ్ల మీద వేసే కౌన్సిల్ ట్యాక్స్‌ను ఏడాదికి 5 శాతం లేదా అంతకు మించి పెంచాలంటే సాధారణంగా ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. నిరుద్యోగులకు పని చూపించే జాబ్‌సెంటర్లు నేరుగా కేంద్ర శాఖ కింద నడుస్తాయి. కాలేజీలకు నిధులు కేంద్రం నుంచో, మేయర్లున్న పెద్ద ప్రాంతాల్లో పలు కౌన్సిళ్లు కలిసి ఏర్పడ్డ కంబైన్డ్ అథారిటీల నుంచో వస్తాయి. 2011 నాటి లోకలిజం చట్టం, చట్టం నిషేధించని ఏ పనైనా చేసే సాధారణ అధికారాన్ని కౌన్సిళ్లకు ఇచ్చింది. అధికారం ఇచ్చి డబ్బు తగ్గించిన కాలం కూడా అదే.

భారీ పెట్టుబడుల విషయంలో ఈ పరిమితి ఇంకా స్పష్టం. సండర్లాండ్‌లో నిస్సాన్ కార్ల ఫ్యాక్టరీ 1986లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆ ప్రాంతం ముఖచిత్రాన్నే మార్చిన పెట్టుబడి అది. స్థానిక సంస్థలు స్థలం విషయంలో కీలకంగా సహకరించాయి, నిజమే. కానీ ఒప్పందం కుదిరింది కేంద్ర ప్రభుత్వానికీ కంపెనీకీ మధ్య. యూరప్ మార్కెట్‌లోకి సుంకాలు లేకుండా వెళ్లే వీలు, కేంద్రం ఇచ్చిన ఆర్థిక సాయం అక్కడ నిర్ణయాత్మకమయ్యాయి. ఆ రెండూ ఏ కౌన్సిల్ ఇవ్వగలిగినవీ కావు.

ఖర్చు ఒకరిది, మిగులు ఇంకొకరిది

చాలా చర్చల్లో పక్కకు పోయే అసలు సంగతి ఇక్కడుంది. ఒక కౌన్సిల్ ఏళ్ల తరబడి పని లేని మనిషికి శిక్షణ ఇప్పించి, వెన్నంటి ఉండి, ఉద్యోగంలో చేర్పించిందనుకుందాం. ఆ మనిషి జీతం పెరిగేకొద్దీ యూనివర్సల్ క్రెడిట్ అనే భృతి తగ్గుతుంది. ఒక పరిమితి దాటాక చేతికొచ్చే జీతంలో ప్రతి అదనపు పౌండుకు 55 పెన్నీల చొప్పున కోత పడుతుంది. ఆ ఆదా కేంద్రానిది. అతను కట్టే ఆదాయపు పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ అనే సామాజిక భద్రతా చందా కూడా కేంద్రానివే. కౌన్సిల్‌కు మిగిలేది కౌన్సిల్ ట్యాక్స్ రాయితీలో కొంత ఆదా. 2013 నుంచి ఆ రాయితీ భారం కౌన్సిళ్ల మీదే ఉంది కనుక ఈ మాత్రమైనా మిగులుతుంది. లాభం లేదని కాదు గానీ, పెట్టిన ఖర్చుకు అది చాలదు.

మరోవైపు బిజినెస్ రేట్లు ఉన్నాయి. దుకాణాలు, కార్యాలయాలు, గోదాముల మీద వేసే ఆస్తి పన్ను ఇది. భవనానికి ఏటా ఎంత అద్దె రావచ్చో అంచనా కట్టి, అందులో దాదాపు సగం మొత్తాన్ని పన్నుగా లెక్కిస్తారు. 1990 నుంచి ఈ వసూళ్లన్నీ ఒకే జాతీయ ఖాతాలో కలిసేవి. 2013 ఏప్రిల్ నుంచి సగం స్థానికంగానే ఉంచుకోవచ్చన్నారు. వృద్ధి తెచ్చుకున్న ఊరికి ప్రతిఫలం దక్కాలన్నది ఆలోచన. పైన కౌంటీ, కింద జిల్లా కౌన్సిళ్లుగా రెండంచెల పాలన ఉన్న చోట ఆ సగంలో పెద్ద వాటా, అంటే మొత్తంలో 40 శాతం, జిల్లా స్థాయి కౌన్సిల్‌ది. కౌంటీకి దక్కేది 10 శాతం లోపే. ఆ పైన ధనిక ప్రాంతాల నుంచి కొంత తీసి పేద ప్రాంతాలకు ఇచ్చే సర్దుబాటు ఉంటుంది.

ప్రతిఫలం దేనికి దక్కుతోందో గమనించాలి. పన్ను పడేది భవనం మీద. అందులో ఎంతమంది పనిచేస్తున్నారు, ఎంత జీతం తీసుకుంటున్నారు అన్నదానితో దానికి పని లేదు. రెండు ఫుట్‌బాల్ మైదానాలంత గోదాములో యాభై మంది పనిచేయవచ్చు. పాత మిల్లులో ఒక అంతస్తు అద్దెకు తీసుకున్న డిజైన్ సంస్థలోనూ యాభై మందే ఉండవచ్చు. మొదటిది కట్టే రేట్లు రెండోదానికి ఎన్నో రెట్లు. బడ్జెట్ లోటుతో సతమతమయ్యే ఫైనాన్స్ అధికారి హైవే పక్కన కొత్త గోదాములకు అనుమతి ఇవ్వమని సలహా ఇస్తే తప్పు పట్టడం కష్టం. కౌన్సిల్ వ్యూహపత్రంలో "అధిక నైపుణ్య ఉద్యోగాలు" అని రాసి ఉండవచ్చు. ఆదాయ సూత్రం మాత్రం గోదామునే అడుగుతుంది.

పెరిగిన ఆదాయం శాశ్వతం కూడా కాదు. ఎప్పటికప్పుడు మూలరేఖను, అంటే పెరుగుదలను కొలిచే ప్రారంభ అంకెను సరిచేసి, పోగైన లాభాన్ని మళ్లీ దేశమంతటికీ పంచాలన్నది మొదటి నుంచీ ఉన్న నియమం. వాయిదాల మీద వాయిదాలు పడి, 2013 తర్వాత మొదటి పూర్తి సవరణను 2026-27కు నిర్ణయించారు. అవసరం ఎక్కువున్న ప్రాంతాలకు ఇది న్యాయం. పదేళ్లు కష్టపడి వాణిజ్య స్థలాన్ని పెంచుకున్న కౌన్సిల్‌కు మాత్రం పండిన చేను పంచి పెట్టమన్నట్టు ఉంటుంది. ప్రోత్సాహం, సమానత్వం ఒకే సూత్రంలో ఇమడవు. ఒకటి పెంచితే రెండోది తగ్గుతుంది.

స్థలం, అనుమతి: పాత ఆయుధం, పాత జబ్బు

కౌన్సిల్ దగ్గరున్న అతి బలమైన అధికారం నిర్మాణ అనుమతి. 1990 నాటి ప్లానింగ్ చట్టంలోని సెక్షన్ 106 కింద, అనుమతి ఇచ్చేటప్పుడు బిల్డర్‌తో ఒప్పందం చేసుకోవచ్చు. ఎక్కువగా చవక ఇళ్లు, రోడ్ల కోసం వాడే ఈ సెక్షన్‌ను స్థానికులకు అప్రెంటిస్‌షిప్‌లు ఇవ్వాలనే షరతుకు కూడా వాడుతున్నారు. అయితే భవనం పూర్తయ్యాక నిర్మాణ ఉద్యోగాలు పోతాయి. కాబట్టి షరతు రాసుకోవడంతో పని అయిపోదు. ఆ తర్వాత వచ్చే దుకాణాల్లో, హోటళ్లలో పనికి స్థానికులను ముందే సిద్ధం చేసుకోవాలి.

తూర్పు లండన్‌లోని న్యూహామ్ కౌన్సిల్ చేసింది అదే. 2007లో 'వర్క్‌ప్లేస్' పేరుతో సొంత ఉద్యోగ కేంద్రం తెరిచింది. 2011లో స్ట్రాట్‌ఫర్డ్‌లో వెస్ట్‌ఫీల్డ్ మాల్, 2012లో ఒలింపిక్స్ రాబోతున్నాయని తెలుసు. యజమానులకు ఏం కావాలో ముందే కనుక్కుని, అందుకు తగినవారిని పంపడం ఆ కేంద్రం పని. మాల్ వచ్చింది కౌన్సిల్ వల్ల కాదు. ఆ ఉద్యోగాలు పక్క వీధివారికి కూడా అందాయంటే మాత్రం అందులో కౌన్సిల్ చెయ్యి ఉంది.

దీనికి పూర్తి భిన్నమైన దారి పన్ను రాయితీలది. 1981 నుంచి ఎంటర్‌ప్రైజ్ జోన్లు మొదలయ్యాయి. పదేళ్లపాటు రేట్లు కట్టనక్కర్లేదు, అనుమతులు సులభం, పెట్టుబడి మీద పన్ను మినహాయింపు. లండన్ డాక్‌లాండ్స్‌లోని ఐల్ ఆఫ్ డాగ్స్ జోన్‌లోనే తర్వాత కానరీ వార్ఫ్ అనే ఆకాశహర్మ్యాల వ్యాపార కేంద్రం లేచింది. బయటి నుంచి చూస్తే అద్భుతం. కానీ జోన్లలో కనిపించిన ఉద్యోగాల్లో గణనీయమైన భాగం సరిహద్దుకు అవతలి నుంచి మారి వచ్చినవేనని తర్వాతి మదింపులు తేల్చాయి. రోడ్డుకు ఇటువైపు పన్ను ఉండి అటువైపు లేకపోతే కంపెనీ రోడ్డు దాటుతుంది. లెక్కల్లో అది కొత్త ఉద్యోగం. ఇంకో సంగతి: పన్ను లేని స్థలానికి గిరాకీ పెరిగి అద్దె పెరుగుతుంది, రాయితీలో కొంత భూయజమాని జేబులోకి పోతుంది.

2011లో ఇదే ఆలోచన కొత్త పేరేమీ పెట్టుకోకుండానే తిరిగి వచ్చింది. 2015 నాటికి 54,000 అదనపు ఉద్యోగాలు వస్తాయన్నారు. జాతీయ ఆడిట్ కార్యాలయం 2013 చివర్లో చూసేసరికి ఆ అంచనా 6,000 నుంచి 18,000 మధ్యకు దిగిపోయింది.

ప్రెస్టన్: కొనుగోలు కూడా విధానమే

పెట్టుబడి కోసం ఎదురుచూడటం మానేసిన ఊరు ప్రెస్టన్. ఉత్తర ఇంగ్లాండ్‌లోని ఈ లాంకషైర్ నగరం టైత్‌బార్న్ అనే 70 కోట్ల పౌండ్ల షాపింగ్ సముదాయం మీద ఏళ్ల తరబడి ఆశలు పెట్టుకుంది. 2011లో జాన్ లూయిస్ అనే పెద్ద దుకాణాల సంస్థ వెనక్కి తగ్గడంతో ఆ పథకం కూలిపోయింది. అదే సమయంలో కేంద్ర నిధుల కోత మొదలైంది. అప్పుడు కౌన్సిల్‌లో తలెత్తిన ప్రశ్న వేరు: బయటి డబ్బు రాకపోతే పోనీ, ఊళ్లో ఉన్న ప్రభుత్వ డబ్బు ఎక్కడికి పోతోంది?

మాంచెస్టర్‌లోని సెంటర్ ఫర్ లోకల్ ఎకనామిక్ స్ట్రాటజీస్ అనే సంస్థ సాయంతో లెక్క తీశారు. కౌన్సిల్, కౌంటీ కౌన్సిల్, పోలీసు శాఖ, కాలేజీలు, గృహ సంఘం వంటి 6 పెద్ద సంస్థలు 2012-13లో చేసిన కొనుగోళ్లలో ప్రెస్టన్‌లోని సరఫరాదారులకు వెళ్లింది 5 శాతం, అంటే 3.8 కోట్ల పౌండ్లు. లాంకషైర్ మొత్తానికీ కలిపి 39 శాతం. మిగతాదంతా బయటికే. ఇలాంటి సంస్థలను ఊరి నుంచి లేచిపోలేనివి కనుక 'లంగరు సంస్థలు' అంటారు. ఫ్యాక్టరీ మూతపడవచ్చు గానీ ఆసుపత్రి, పోలీసు స్టేషను, విశ్వవిద్యాలయం ఊరు విడిచి పోవు. ఈ ఆలోచనకు స్ఫూర్తి అమెరికాలోని క్లీవ్‌లాండ్. అక్కడ పెద్ద ఆసుపత్రుల బట్టలు ఉతికే పనిని ఆధారం చేసుకుని కార్మికుల సహకార లాండ్రీ నిలబడింది.

చట్టపరంగా ఒక చిక్కుంది. 1988 నాటి చట్టం ప్రకారం అప్పట్లో టెండర్ నిర్ణయంలో కౌన్సిళ్లు వాణిజ్యేతర కారణాలు చూడకూడదు. "మా ఊరి కంపెనీకే ఇస్తాం" అంటే కోర్టు మెట్లెక్కాల్సి వచ్చేది. అందుకే మార్పు నిర్ణయంలో కాకుండా టెండర్ ఆకారంలో జరిగింది. లాంకషైర్‌లో బడి భోజనాల కాంట్రాక్టు మొత్తాన్ని తీసుకోగల స్థానిక సంస్థ లేదు. దాన్ని పెరుగు, గుడ్లు, చీజ్, పాలు అంటూ 9 ముక్కలు చేశారు. చిన్న సంస్థలు పోటీకి వచ్చాయి. లాంకషైర్ రైతుల సరుకు వాడే స్థానిక సరఫరాదారులే అన్నీ గెలిచారు. 2012 నాటి సామాజిక విలువ చట్టం కూడా తోడైంది. సేవల కాంట్రాక్టులు ఇచ్చేటప్పుడు ఆ ప్రాంతానికి కలిగే సామాజిక, ఆర్థిక, పర్యావరణ మేలును కూడా ఆలోచించాలని అది చెబుతుంది.

2016-17కు ప్రెస్టన్ వాటా 18.2 శాతానికి, 11.1 కోట్ల పౌండ్లకు చేరింది. లాంకషైర్ వాటా 39 నుంచి 79.2 శాతం అయింది. శాతాల నుంచి వెనక్కి లెక్కిస్తే మరో విషయం తెలుస్తుంది: ఈ నాలుగేళ్లలో ఆ సంస్థల మొత్తం కొనుగోళ్లు దాదాపు 75 కోట్ల పౌండ్ల నుంచి 61 కోట్ల దరికి పడిపోయాయి. కుంచించుకుపోతున్న బడ్జెట్‌లోంచి స్థానిక వాటా పెరిగిందన్నమాట. 2018లో పీడబ్ల్యూసీ, డెమోస్ సంస్థల సూచీ ప్రెస్టన్‌ను దేశంలో అత్యధికంగా మెరుగుపడిన నగరంగా పేర్కొంది.

విమర్శ కూడా వినదగినదే. ప్రతి ఊరూ తన ఊరివారి దగ్గరే కొంటే ఒకరి లాభం మరొకరి నష్టం. ప్రెస్టన్ తెచ్చుకున్న ప్రతి పౌండునూ ఎక్కడో ఒక సంస్థ పోగొట్టుకుంది. ఆ సంస్థ ఇంకా పేద ఊళ్లో ఉంటే? ధర పెరిగితే భరించేది స్థానిక పన్ను చెల్లింపుదారే. ప్రెస్టన్ మెరుగుదలలో ఈ విధానం వాటా ఎంత, దేశమంతటా అప్పుడు నిరుద్యోగం తగ్గుతున్న ప్రభావం ఎంత అని విడదీయడం తేలిక కాదు. అయినా ఎంటర్‌ప్రైజ్ జోన్‌తో పోలిస్తే దీనికో స్పష్టమైన బలం ఉంది: కొత్తగా పెట్టిన ఖర్చు పెద్దగా లేదు. ఎలాగూ చేయాల్సిన ఖర్చునే దారి మళ్లించారు.

నైపుణ్యాలు: డబ్బు ఎటు పారుతోంది?

నైపుణ్యాల విషయంలో కౌన్సిల్ పరిస్థితి పెళ్లి పెద్దలాంటిది. ఇటు కాలేజీ, అటు యజమాని. ఇద్దరూ తన మాట వినాలన్న నియమం లేదు. 2022 చట్టం కింద ప్రాంతాలవారీ నైపుణ్య ప్రణాళికలు తయారు చేసే పనిని కూడా యజమానుల సంఘాలకు అప్పగించారు. చాలాచోట్ల అది చాంబర్ ఆఫ్ కామర్స్.

అసలు డబ్బు అప్రెంటిస్‌షిప్ లెవీలో ఉంది. 2017 ఏప్రిల్ నుంచి, ఏడాదికి 30 లక్షల పౌండ్లకు మించి జీతాలు చెల్లించే ప్రతి సంస్థా ఆ మించిన మొత్తంలో 0.5 శాతం కట్టాలి. ఆ డబ్బును తన సిబ్బంది శిక్షణకు వాడుకోవచ్చు. నిర్ణీత గడువులోగా వాడకపోతే చేజారుతుంది. యువతకు తలుపులు తెరుస్తుందనుకున్న ఈ ఏర్పాటు వచ్చాక ఇంగ్లాండ్‌లో అప్రెంటిస్‌షిప్‌ల్లో కొత్త చేరికలు పడిపోయాయి. 2016-17లో 4.95 లక్షలు, మరుసటి ఏడాది 3.76 లక్షలు, 2023-24లో దాదాపు 3.4 లక్షలు.

కారణం సూత్రంలోనే ఉంది. గడువులోగా డబ్బు ఖర్చు పెట్టాలనుకున్న కంపెనీకి పదహారేళ్ల కుర్రాణ్ని కొత్తగా తీసుకుని మూడేళ్లు నేర్పించడం కన్నా, ఇప్పటికే ఉన్న మేనేజర్‌ను మాస్టర్స్ స్థాయి కోర్సుకు పంపడం సులువు. చట్టానికి రెండూ అప్రెంటిస్‌షిప్‌లే. ఈ ధోరణిని ఆపడానికే 2026 జనవరి నుంచి ఆ పై స్థాయి కోర్సులకు నిధులను ప్రధానంగా 16-21 ఏళ్లవారికి పరిమితం చేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. 2024 చివర్లో దేశంలో 16-24 ఏళ్లవారిలో చదువు, పని, శిక్షణ ఏదీ లేనివారు దాదాపు 10 లక్షలు.

కౌన్సిల్‌కు ఇక్కడ ఒక చిన్న సందు దొరికింది. పెద్ద సంస్థలు తమ లెవీ నిధుల్లో కొంత ఇతర సంస్థలకు బదిలీ చేయవచ్చు. 25 శాతం ఉన్న ఆ పరిమితిని 2024 ఏప్రిల్‌లో 50 శాతానికి పెంచారు. కౌన్సిల్ కూడా లెవీ కట్టే పెద్ద యజమానే. కాబట్టి తన దగ్గర మిగిలినదాన్ని, ఊళ్లోని ఆసుపత్రులు, పెద్ద కంపెనీల మిగులును స్థానిక గ్యారేజీకో, పిల్లల సంరక్షణ కేంద్రానికో చేర్చే మధ్యవర్తి కాగలదు. ఊరికి పెద్ద ప్రారంభోత్సవమేమీ ఉండదు. కానీ ట్రెజరీకి తిరిగిపోయే డబ్బు స్థానికంగా ఆగుతుంది.

ఏ రకం శిక్షణ పని చేస్తుందన్నదానిపై కొంత స్పష్టత ఉంది. 2013లో ఏర్పాటైన వాట్ వర్క్స్ సెంటర్ ఫర్ లోకల్ ఎకనామిక్ గ్రోత్ వివిధ దేశాల మదింపులను జల్లెడ పట్టింది. తరగతి గదిలో ఇచ్చేదానికన్నా పని చేసే చోట ఇచ్చే శిక్షణ మెరుగు. కోర్సు రూపకల్పనలో యజమాని పాలుపంచుకుంటే ఫలితం బాగుంటుంది. సాధారణ శిక్షణల్లో ఆరు నెలల లోపువే ఎక్కువ ఫలిస్తున్నాయి. క్రీడా మైదానాలు, సాంస్కృతిక ఉత్సవాల వంటివాటి వల్ల స్థానిక ఉపాధి పెద్దగా పెరిగిన దాఖలా కనిపించలేదు. వాటికి వేరే విలువ ఉండవచ్చు. ఉద్యోగాల పద్దు కింద మాత్రం చూపకూడదు.

పైగా చాలామందికి అడ్డం పడుతున్నది సర్టిఫికెట్ లేకపోవడం కాదు. దీర్ఘకాలిక అనారోగ్యం వల్ల పనికి దూరంగా ఉన్నవారు బ్రిటన్‌లో దాదాపు 28 లక్షలు. వీరికి కంప్యూటర్ కోర్సు కన్నా ముందు కావాల్సింది వైద్యం, అప్పుల సలహా, ఇల్లు. గ్రేటర్ మాంచెస్టర్ 2014లో 'వర్కింగ్ వెల్' పేరుతో మొదలుపెట్టిన కార్యక్రమం ఒక్కొక్కరికీ ఒక కీలక కార్యకర్తను కేటాయించి ఈ సేవలన్నీ కలిపి చూపింది. ఇల్లు, ప్రజారోగ్యం, సంరక్షణ కౌన్సిళ్ల చేతిలోనివే. జాబ్‌సెంటర్‌కు లేని బలం కౌన్సిల్‌కు ఇక్కడే ఉంది. బస్సు కూడా నైపుణ్య విధానంలో భాగమే అనిపించే ఊళ్లు చాలా ఉన్నాయి: ఉదయం ఆరింటి షిఫ్టుకు బస్సు లేకపోతే ఏ శిక్షణా ఉపయోగపడదు. 1980ల్లో లండన్ బయట బస్సులపై నియంత్రణ ఎత్తేశాక, వాటిని తిరిగి ప్రభుత్వ అజమాయిషీలోకి తెచ్చిన మొదటి ప్రాంతం గ్రేటర్ మాంచెస్టరే. ఆ పని 2025 జనవరికి పూర్తయింది.

కౌన్సిలే వ్యాపారి అయితే

నిధులు తగ్గిన కాలంలో కొన్ని కౌన్సిళ్లు అప్పు తెచ్చి పెట్టుబడులు పెట్టాయి. పబ్లిక్ వర్క్స్ లోన్ బోర్డు అనే ప్రభుత్వ రుణ సంస్థ నుంచి చవక వడ్డీకి అప్పు దొరికేది. దాంతో కార్యాలయాలు, మాల్స్ కొని అద్దెలతో సేవలు నడపాలనుకున్నారు. సర్రేలోని స్పెల్‌థార్న్ అనే చిన్న కౌన్సిల్ 2016లో చమురు కంపెనీ బీపీ ప్రాంగణాన్నే కొనేసింది. అదే కౌంటీలోని వోకింగ్, లక్ష జనాభా ఉన్న పట్టణం, ఆకాశహర్మ్యాలు, హోటల్‌తో పట్టణ కేంద్రాన్ని తిరిగి కట్టబోయి దాదాపు 180 కోట్ల పౌండ్ల అప్పులో మునిగింది. 2023 జూన్‌లో సెక్షన్ 114 నోటీసు ఇచ్చింది. బడ్జెట్‌ను సరిపెట్టలేమని ఒప్పుకుని, చట్టం తప్పనిసరి చేసినవి మినహా కొత్త ఖర్చులన్నీ ఆపేయడం దాని అర్థం. నాటింగ్‌హామ్ కౌన్సిల్ 2015లో పెట్టిన రాబిన్‌హుడ్ ఎనర్జీ అనే విద్యుత్ కంపెనీ ఐదేళ్లకే మూతపడింది.

ఈ మూడింటినీ అవినీతి కథలుగా చూస్తే అసలు పాఠం జారిపోతుంది. ఆస్తి విలువ పడిపోతే కంపెనీ దివాలా తీసి తప్పుకుంటుంది. కౌన్సిల్‌కు ఆ దారి లేదు. నష్టాన్ని వృద్ధుల సంరక్షణ, లైబ్రరీ, లీజర్ సెంటర్ భరిస్తాయి. ఆదాయం కోసమే ఆస్తులు కొనే కౌన్సిళ్లకు ఆ బోర్డు అప్పులను 2020 నవంబరులో ట్రెజరీ ఆపేసింది. అప్పటికే ఆలస్యమైంది.

పోటీ పడి గెలిచే నిధులు

కేంద్రం కూడా ఊరికే కూర్చోలేదు. వెనుకబడిన ప్రాంతాల కోసం 480 కోట్ల పౌండ్ల లెవెలింగ్ అప్ ఫండ్, యూరప్ నిధుల స్థానంలో 2022-25కు 260 కోట్ల పౌండ్ల షేర్డ్ ప్రాస్పెరిటీ ఫండ్, పట్టణాలకు మరో నిధి ప్రకటించింది. వీటిలో పెద్ద భాగం కోసం కౌన్సిళ్లు దరఖాస్తు పెట్టి ఒకదానితో ఒకటి పోటీ పడాల్సి వచ్చింది. దరఖాస్తు రాయడానికి కన్సల్టెంట్లకు డబ్బు, గెలవకపోతే అదీ పోయినట్టే. సిబ్బంది ఉన్న కౌన్సిల్ బాగా రాస్తుంది. నిధి ఎక్కువ అవసరమైన కౌన్సిల్‌లో రాసేవారే ఉండరు. గెలిచినా గడువు దగ్గర పడుతుంది, సిమెంటు ధర పెరుగుతుంది. ఈ మూడు నిధుల మొత్తం 1,047 కోట్ల పౌండ్లు కాగా, 2023 సెప్టెంబరు నాటికి స్థానికంగా ఖర్చయింది 124 కోట్లేనని పార్లమెంటు ప్రజా పద్దుల కమిటీ 2024లో ఎత్తిచూపింది.

మూడేళ్ల నిధితో నడిచే నైపుణ్య కార్యక్రమం మొదటి ఏడాది సిబ్బందిని వెతుక్కుంటుంది, మూడో ఏడాది ఆ సిబ్బంది వేరే ఉద్యోగాలు వెతుక్కుంటారు. నడుమ మిగిలే ఏడాదే నిజమైన పని.

ప్రకటనలోని అంకెను విప్పితే

కౌన్సిల్ ప్రకటనల్లో 'సృష్టించిన', 'కాపాడిన', 'తోడ్పడిన' ఉద్యోగాలు అని మూడు రకాలు కనిపిస్తాయి. తోడ్పడిన అంటే ఒక సలహా సమావేశానికి వచ్చిన సంస్థలోని సిబ్బంది మొత్తం కావచ్చు. ట్రెజరీ వారి గ్రీన్ బుక్ అనే మదింపు మార్గదర్శకం ప్రకారం ఈ స్థూల అంకె నుంచి కొన్ని తీసేయాలి: ఈ పథకం లేకపోయినా ఎలాగూ వచ్చేవి, పక్క ఊరి నుంచి తరలివచ్చినవి, బయటి నుంచి రాకపోకలు చేసేవారికి దక్కినవి. ఆ తర్వాత కొత్త జీతాలు స్థానిక దుకాణాల్లో ఖర్చయి పుట్టే అదనపు పనిని కలపాలి. ఇంత చేశాక మిగిలేది నికర సంఖ్య. ప్రకటనలో ఉండేది సాధారణంగా మొదటి అంకె.

కాలాన్ని కూడా చూడాలి. ఉద్యోగం ఇచ్చిన రోజున లెక్కపెడితే ఒక ఫలితం, ఏడాది తర్వాత అదే మనిషి అదే పనిలో ఉన్నాడా అని చూస్తే ఇంకో ఫలితం. రెండో లెక్క వేసే కౌన్సిల్‌కు పత్రికా ప్రకటనలో చూపుకోవడానికి చిన్న అంకె మిగులుతుంది. అందుకే ఆ లెక్క అరుదు.

మారబోతున్న పటం

2024 డిసెంబరులో ప్రభుత్వం ఇంగ్లాండ్ వికేంద్రీకరణపై శ్వేతపత్రం విడుదల చేసింది. 2025 జులైలో బిల్లు పార్లమెంటుకు వచ్చింది. రెండంచెల చోట్ల కౌంటీ, జిల్లా కౌన్సిళ్ల స్థానంలో ఒకే అంచె ఉన్న పెద్ద కౌన్సిళ్లు వస్తాయి. వాటి పైన మేయర్ల కింద కంబైన్డ్ అథారిటీలు విస్తరిస్తాయి. గ్రేటర్ మాంచెస్టర్, వెస్ట్ మిడ్‌లాండ్స్‌లకు 2025 ఏప్రిల్ నుంచి వేర్వేరు పద్దుల బదులు ఒకే ఉమ్మడి నిధి ఇస్తున్నారు. రవాణా నుంచి నైపుణ్యాలకు కొంత మళ్లించాలంటే ప్రతిసారీ లండన్ అనుమతి కోసం ఎదురుచూడనక్కర్లేదు. పోటీ దరఖాస్తుల జబ్బుకు ఇది నేరుగా మందు.

రోజూ రాకపోకలు సాగే పరిధికీ, పాలన పరిధికీ మధ్య తేడా కూడా తగ్గుతుంది. ఒక పట్టణంలో ఉండి పొరుగు పట్టణంలో పని చేసేవారికి ఒకే సంస్థ బస్సు, కోర్సు రెండూ చూడగలుగుతుంది. పక్క కౌన్సిళ్లు ఒకే గోదాము కోసం పోటీ పడటం కొంతైనా ఆగవచ్చు. పోయేది ఏమిటంటే దగ్గరితనం. బడి భోజనాల కాంట్రాక్టును తొమ్మిది ముక్కలు చేయాలంటే, గుడ్లు ఎవరు సరఫరా చేయగలరో తెలిసినవారు ఆఫీసులో ఉండాలి. ప్రెస్టన్ కూడా జిల్లా స్థాయి కౌన్సిలే, విలీనం జాబితాలో అదీ ఉంది. ఐదు లక్షల జనాభాకు తగ్గకుండా కౌన్సిళ్లు ఉండాలన్న శ్వేతపత్రం సూచన అలాంటి చోట్ల చర్చ రేపుతోంది.

ఇక డబ్బు తిరిగి వచ్చే దారి విషయానికొస్తే, శ్వేతపత్రం మేయర్లకు నిధుల మీద స్వేచ్ఛ పెంచింది గానీ, ఒక మనిషి పనిలో చేరితే తగ్గే భృతిలోంచి స్థానిక సంస్థకు వాటా ఇచ్చే ఏర్పాటును సాధారణ నియమంగా చేయలేదు. ఆ లెక్క మారనంత కాలం హైవే పక్కన గోదాము దరఖాస్తుకు, కార్యకర్త జీతానికి మధ్య ఎంపిక చేయాల్సి వచ్చిన ఫైనాన్స్ అధికారి ముందు ఉండే కాగితం పాతదే.